ఖాకీ విడిచినా కవాతు విడవలేదు

2002 ఆగస్టు 12వ తేదీన ఢిల్లీలో ఒక ఎన్నిక జరిగింది. భారత ఉపరాష్ట్రపతి పదవికి ఇద్దరు పోటీ పడ్డారు. ఒకరు ఎడారి సీమ రాజస్థాన్ నుంచి వచ్చిన శ్రీ భైరోన్‌సింగ్ షెకావత్. రెండవవారు మహారాష్ట్రలోని షోలాపూరు నుంచి వచ్చిన శ్రీ సుశీల్‌కుమార్ షిండే. పార్టీలు వేరు, ప్రాంతాలు వేరు, కులాలు వేరు. వయసులో పద్ధెనిమిదేళ్ళ తేడా. కాని ఇద్దరికీ కలిసిన సంగతి ఒకటి ఉన్నది. పొట్ట గడవడానికి దారి వెతుక్కునే రోజుల్లో ఇద్దరూ పోలీసు శాఖలో సబ్‌ఇన్‌స్పెక్టర్లుగా పనిచేసినవారే!

ఒక ఠాణాలో లాఠీ పట్టుకుని నిలబడిన మనిషి రాజ్యసభ అధ్యక్ష పీఠం మీద కూర్చోవడమే విశేషం. అలాంటిది ఆ పీఠం కోసం ఇద్దరు మాజీ సబ్‌ఇన్‌స్పెక్టర్లే తలపడటం ఇంకెంత విశేషం! ఆనాడు పార్లమెంటు సభ్యులు వేసిన ఓట్లలో షెకావత్ గారికి 454, షిండే గారికి 305 వచ్చాయి. గెలిచిన వారి కథ అందరూ చెప్తారు. నేను చెప్పబోయేది ముఖ్యంగా ఓడినవారి కథ. ఎందుకంటే, ఆ తర్వాత రెండేళ్ళకు ఆయన మన హైదరాబాదు రాజభవనానికే వచ్చారు. మరో పదేళ్ళకు మన తెలుగువాళ్ళ ఇంటి గోడ ఎక్కడ కట్టాలో తేల్చే బిల్లు చేతపట్టుకుని లోక్‌సభలో నిలబడ్డారు.

బంట్రోతు బల్ల

షోలాపూరు పేరు చెప్తే మన ఇళ్ళలో ముందు గుర్తుకు వచ్చేది దుప్పటి. ఆ దుప్పటి నేసిన చేతుల్లో చాలా మటుకు తెలుగు చేతులే. తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలి కుటుంబాలు మగ్గాలు వెతుక్కుంటూ ఆ ఊరు చేరి, అక్కడే స్థిరపడి, పిల్లలకు తెలుగు బడులు కూడా పెట్టుకున్నాయి. మరాఠీ, కన్నడం, తెలుగు, ఉర్దూ ఒకే సందులో వినిపించే ఊరు అది.

ఆ ఊళ్ళో 1941 సెప్టెంబరు 4న ఒక దళిత కుటుంబంలో షిండే పుట్టారు. ఇంట్లో లేమి తప్ప మరేమీ లేదు. చదువుకోవలసిన వయసులోనే సంపాదన వెతుక్కోవలసి వచ్చింది. 1957లో, పదహారేళ్ళ వయసులో, షోలాపూరు సెషన్సు కోర్టులో చిన్న ఉద్యోగంలో కుదిరారు. బంట్రోతు పని. పిలిస్తే పలకడం, కాగితాలు ఈ బల్ల మీది నుంచి ఆ బల్ల మీదికి చేర్చడం. ఆ బల్ల పక్కన నిలబడిన కుర్రవాడికి రెండు సంగతులు తెలిసివచ్చి ఉండాలి. ఒకటి, పైవాడి ఆజ్ఞ అంటే ఏమిటో. రెండు, చట్టం తెలిసినవాడికి ఈ లోకంలో ఎంత బలం ఉందో.

ఆ రెండవ సంగతిని ఆయన వదలలేదు. ఉద్యోగం చేస్తూనే చదువు సాగించారు. షోలాపూరు దయానంద కళాశాలలో ఆనర్సు పట్టా తీసుకున్నారు. తర్వాత న్యాయశాస్త్రమూ పూర్తి చేశారు. 1965 దాకా కోర్టు కొలువు సాగింది. ఆ తర్వాత మహారాష్ట్ర పోలీసు శాఖలో సబ్‌ఇన్‌స్పెక్టరుగా చేరి, సి.ఐ.డి. విభాగంలో పనిచేశారు. నిన్నటిదాకా కోర్టు వసారాలో నిలబడ్డవాడు నేడు భుజం మీద నక్షత్రాలు పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఆనాడు ఎంత సంబరం జరిగి ఉంటుందో ఊహించుకోవడానికి పెద్ద కవిత్వం అక్కరలేదు.

రాజీనామా

మన మధ్యతరగతి ఇళ్ళలో పిల్లవాడికి ఉద్యోగం వచ్చిందనగానే పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "పర్మనెంటేనా?" అని. రెండవ ప్రశ్న, "పింఛను ఉంటుందా?" అని. ఈ రెండింటికీ ఔనని చెప్పగల సర్కారు నౌకరీని, అందులోనూ నలుగురూ లేచి నిలబడి దణ్ణం పెట్టే నౌకరీని, 1971లో షిండే వదులుకున్నారు. వెనక ఆస్తి లేదు, ముందు హామీ లేదు. అప్పటికి యువ నాయకుడుగా పైకి వస్తున్న శ్రీ శరద్ పవార్ ప్రోత్సాహం ఒక్కటే ఆసరా.

షోలాపూరు జిల్లాలోని కర్మాలా రిజర్వుడు స్థానం నుంచి 1972 ఎన్నికలలో నిలబడాలని ఆశ. తీరా చూస్తే పార్టీ టిక్కెట్టు ఇవ్వలేదు! ఉన్న ఉద్యోగం పోయింది, అనుకున్న పదవి రాలేదు. ఇలాంటి చోట మనలో చాలామంది పవార్‌నో, పార్టీనో, విధినో తిట్టుకుంటూ కూర్చుంటాం. ఆయన మాత్రం పార్టీలోనే ఉండి కాచుకున్నారు. 1974లో అదే కర్మాలాకు ఉప ఎన్నిక వచ్చింది. ఈసారి టిక్కెట్టు దక్కింది, గెలుపూ దక్కింది. వెంటనే రాష్ట్ర మంత్రివర్గంలో చోటు కూడా దొరికింది. కోర్టులో బంట్రోతుగా చేరిన పదిహేడేళ్ళకు ఆయన మంత్రి అయ్యారు.

ఆ తర్వాతి మెట్లు చకచకా ఎక్కారు. పదే పదే శాసనసభకు గెలిచారు. మహారాష్ట్ర ఆర్థికమంత్రిగా తొమ్మిది బడ్జెట్లు సమర్పించారు. 1992లో రాజ్యసభకు వెళ్ళారు. 1998, 1999 ఎన్నికలలో షోలాపూరు నుంచి లోక్‌సభకు గెలిచారు. అఖిల భారత కాంగ్రెసు ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఈ పదవులన్నీ వరసగా చెప్పుకుంటూ పోతే పంచాంగం చదివినట్టు ఉంటుంది. ఇందులో చూడవలసింది ఒక్కటే. ఎక్కడ వేస్తే అక్కడ ఇమిడిపోయే గుణం. ఫలానా పని నేను చేయనని ఆయన పేచీ పెట్టినట్టు కనపడదు.

2002లో ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థిగా ఆయన నిలబడటమూ అలాంటిదే. పార్లమెంటులో ఎవరి బలం ఎంతో లెక్క తెలిసినవాళ్ళకు ఫలితం ముందే తెలుసు. ఓడిపోయే పోటీ అని తెలిసి కూడా పార్టీ నిలబడమంది, ఆయన నిలబడ్డారు.

మరొక సబ్‌ఇన్‌స్పెక్టరు

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఆయనను ఓడించిన మనిషిని చూద్దాం. షెకావత్ 1923లో సికర్ ప్రాంతంలోని ఖాచరియావాస్ గ్రామంలో పుట్టారు. తండ్రి బడిపంతులు. ఆయన పోవడంతో చదువు హైస్కూలుతో ఆగిపోయింది. కుర్రవాడు కొంతకాలం పొలం పని చేసి, పోలీసు సబ్‌ఇన్‌స్పెక్టరు అయ్యారు. ఆ కొలువు విడిచి, 1952 మొదటి ఎన్నికలలోనే జనసంఘం తరఫున శాసనసభకు గెలిచారు.

ఇద్దరి పుట్టుకలోను లేమి ఉంది, ఇద్దరి యవ్వనంలోను ఖాకీ ఉంది. కాని స్వభావాలు వేరు. జాగీర్దారీ రద్దు చర్చకు వచ్చినప్పుడు రాజపుత్ర జాగీర్దారులు మండిపడ్డారు. తానూ రాజపుత్రుడే అయినా షెకావత్ రద్దునే సమర్థించారు. 1987లో దేవరాలా గ్రామంలో ఒక యువతి సతి అయినప్పుడు తన కులంలో చాలామంది దానిని కీర్తిస్తుంటే, ఆయన తప్పని చెప్పారు. మూడుసార్లు ముఖ్యమంత్రి అయ్యారు. 1977 అక్టోబరు 2న ఆయన ప్రారంభించిన అంత్యోదయ పథకం, ఊరికి ఐదు నిరుపేద కుటుంబాలను ఎంచి ముందు వాళ్ళను ఆదుకోవడం అనే తేలికైన ఆలోచన, దేశమంతా చెప్పుకున్నది. 2010 మే 15న జయపూరులో కన్నుమూసే దాకా ఆయనకు ఎదురు నిలవడం ఒక అలవాటు. పోలీసు కొలువు ఒకరికి ధైర్యం నేర్పింది, మరొకరికి క్రమశిక్షణ నేర్పింది అనుకోవచ్చు. రెండూ మంచి గుణాలే. కాని వాటి ఫలాలు ఒకటి కావు. ఈ సంగతి షిండే జీవితంలోని తర్వాతి ఘట్టాలలో తేటపడుతుంది.

గెలిచి ఇచ్చిన కుర్చీ

2003 జనవరిలో శ్రీ విలాస్‌రావ్ దేశ్‌ముఖ్‌ను దింపి, పార్టీ పెద్దలు షిండేను మహారాష్ట్ర ముఖ్యమంత్రిని చేశారు. బాబాసాహెబ్ అంబేద్కర్ కర్మభూమి అయిన ఆ రాష్ట్రానికి ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. అంతటి రాష్ట్రంలో ఇందుకు 2003 దాకా ఆగవలసి వచ్చిందంటే ఆశ్చర్యమే.

2004 అక్టోబరులో శాసనసభ ఎన్నికలు వచ్చాయి. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే కాంగ్రెసు, నేషనలిస్టు కాంగ్రెసు కూటమి మళ్ళీ నెగ్గింది. కాంగ్రెసుకు 69 స్థానాలు, పవార్ పార్టీకి 71. అయినా ముఖ్యమంత్రి పదవి కాంగ్రెసుకే దక్కింది. కనుక షిండేనే కొనసాగుతారని లోకం అనుకున్నది. కాని ఢిల్లీ నుంచి మరో మాట వచ్చింది. కుర్చీ మళ్ళీ విలాస్‌రావ్‌కే! గెలిచిన సేనాపతి పక్కకు తప్పుకున్నాడు, మునుపు దిగినవాడు తిరిగి ఎక్కాడు.

అప్పుడు షిండే ఏం చేశారు? అలిగి ఇంట కూర్చోలేదు, వర్గం కట్టలేదు, మరో పార్టీ పెట్టలేదు. పోలీసు శాఖలో బదిలీ ఉత్తర్వు వస్తే సబ్‌ఇన్‌స్పెక్టరు పెట్టె సర్దుకున్నట్టే సర్దుకుని, 2004 నవంబరులో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా హైదరాబాదు వచ్చారు. పదిహేను నెలలు రాజభవనంలో ఉన్నారు. అప్పుడు ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి. నక్సలైట్లతో చర్చలు చెడి, మళ్ళీ తుపాకులు మోగడం మొదలైన రోజులు అవి. రాజభవనానికి వచ్చిన చాలామందికి అది విశ్రాంతి మందిరం. షిండేకు మాత్రం మజిలీ అయింది. 2006 జనవరి చివర మరో పిలుపు రాగా కేంద్రంలో విద్యుచ్ఛక్తి మంత్రి అయ్యారు.

చీకటి పడిన నాడు

విద్యుత్ శాఖలో ఆయన ఆరున్నరేళ్ళు ఉన్నారు. ఆ కాలమంతా ఒక ఎత్తు, చివరి రెండు రోజులు ఒక ఎత్తు. 2012 జులై 30న ఉత్తర భారత గ్రిడ్డు కుప్పకూలింది. మరునాడు ఉత్తర గ్రిడ్డుతో పాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా పడిపోయాయి. అరవై కోట్ల పైచిలుకు జనం నివసించే ప్రాంతాలలో దీపం ఆరింది. రైళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. గనులలోకి దిగిన కార్మికులు లోపలే చిక్కుబడ్డారు.

సరిగ్గా ఆ జులై 31వ తేదీనే ఆయనను కేంద్ర హోంమంత్రిగా నియమించారు! దేశం చీకట్లో ఉండగా మంత్రికి పెద్ద పదవి ఏమిటని పత్రికలు వెక్కిరించాయి. ఆ వెక్కిరింతలో న్యాయం లేకపోలేదు. గ్రిడ్డు కూలడానికి రాష్ట్రాలు తమ వాటాకు మించి కరెంటు లాగడం వంటి పాత కారణాలు ఉన్నా, ఆ శాఖ యజమానికి జవాబుదారీ తప్పదు గదా. ఆగస్టు 1న ఆయన కొత్త పదవి స్వీకరించారు. ఆ సాయంత్రమే పూనా నగరంలో వరసగా నాలుగు చిన్న బాంబులు పేలాయి. మాజీ సబ్‌ఇన్‌స్పెక్టరుకు నార్త్ బ్లాకులో దొరికిన స్వాగతం అది.

రహస్యం, కఠినం

ఇప్పుడు ఒకనాటి సబ్‌ఇన్‌స్పెక్టరు దేశంలోని కేంద్ర పోలీసు బలగాలన్నిటికీ పెద్ద. ఈ పదవిలో ఆయన చేసిన పనులలో పోలీసు బుద్ధి బాగా కనపడుతుంది. 2008 బొంబాయి దాడిలో ప్రాణాలతో పట్టుబడిన కసబ్‌ను 2012 నవంబరు 21 తెల్లవారుజామున ఎరవాడ జైలులో ఉరితీశారు. పని ముగిసేదాకా లోకానికి తెలియలేదు. దేశం మొత్తం మీద ఆ గోప్యతను మెచ్చుకున్నవారే ఎక్కువ.

2013 ఫిబ్రవరి 9న పార్లమెంటు దాడి కేసులో అఫ్జల్ గురును తీహారు జైలులో అంతే గుట్టుగా ఉరితీశారు. ఈసారి మెప్పుతో పాటు ఒక ముల్లు కూడా గుచ్చుకుంది. కాశ్మీరులోని కుటుంబానికి కబురు స్పీడుపోస్టులో పంపారు. ఉరి 9న జరిగితే, ఉత్తరం చేరినది 11న. నేరం ఎంత ఘోరమైనదైనా, కడసారి చూపు భార్యాబిడ్డల హక్కు కాదా అని న్యాయవేత్తలు అడిగారు. మరుసటి ఏడు 2014 జనవరిలో మరికొన్ని కేసుల తీర్పులో సుప్రీంకోర్టు దీనిని నియమంగానే నిర్ణయించింది. క్షమాభిక్ష తిరస్కరించిన తర్వాత ఉరికి కనీసం పద్నాలుగు రోజుల వ్యవధి ఉండాలి, కుటుంబానికి ముందుగా తెలియజేయాలి. రహస్యం పోలీసుకు ఆయుధం. మంత్రికి అది ఒక్కొక్కసారి భారం.

అంతకు ముందే, 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో ఒక యువతి మీద జరిగిన అత్యాచారం దేశాన్ని కుదిపింది. మన ఇళ్ళలో ఆడపిల్లలున్న ప్రతివారికీ ఆ రోజులు గుర్తే. చదువుకునే పిల్లలు వేల సంఖ్యలో ఇండియా గేటు దగ్గర చేరితే, నీటి ఫిరంగులు, బాష్పవాయువు, లాఠీలు ఎదురయ్యాయి. హోంమంత్రి వాళ్ళ మధ్యకు ఎందుకు వెళ్ళరని అడిగినప్పుడు, రేపు మావోయిస్టులు ప్రదర్శన చేసినా వెళ్ళాలా అన్న ధోరణిలో షిండే మాట్లాడటం చాలామందిని నొప్పించింది. గుంపును చూసి పోలీసు అధికారి, ఎంతమంది ఉన్నారు, ఎటు కదులుతారు అని లెక్క వేస్తాడు. నాయకుడు, వీళ్ళు ఎందుకు ఏడుస్తున్నారని అడగాలి. ఆనాడు మాట్లాడినది ఎక్కువగా పోలీసు అధికారి అని నాకు అనిపిస్తుంది. అయితే ఆ ప్రభుత్వమే జస్టిస్ జె.ఎస్. వర్మ సంఘాన్ని వేసింది. ఆ సంఘం నెల లోపలే నివేదిక ఇచ్చింది. 2013లో శిక్షాస్మృతి సవరణ చట్టమూ వచ్చింది. ఈ సంగతి కూడా చెప్పడం ధర్మం.

మన ఇంటి తగవు

ఇక మన సంగతి. 2012 డిసెంబరు 28న తెలంగాణ విషయమై అఖిలపక్ష సమావేశం షిండే అధ్యక్షతనే జరిగింది. నెల రోజులలో తేలుస్తామన్నారు. ఏడు నెలలు పట్టింది. 2013 జులై 30న కాంగ్రెసు కార్యవర్గం రాష్ట్ర ఏర్పాటుకు తీర్మానించింది. విభజన వివరాలు చూసిన మంత్రుల బృందానికి పెద్ద ఆయనే. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో బిల్లు ప్రవేశపెట్టే వేళ జరిగిన రభస, మిరియాల ద్రావకం చల్లడం, సభ్యులు కళ్ళు నులుముకుంటూ పరుగులు తీయడం, ఇవి మన వాళ్ళెవరూ మరచిపోరు. 18వ తేదీన టెలివిజన్ ప్రసారం నిలిచిపోయి ఉండగా బిల్లు నెగ్గింది. జూన్ 2న తెలంగాణ అవతరించింది.

ఆ రోజుల్లో మా కళాశాల ఉపాధ్యాయుల గదిలో కూడా రెండు పక్షాలు ఉండేవి. ఏళ్ళ తరబడి ఒకే క్యారేజీలో తిన్న మిత్రులు మాట మాట అనుకుని, మర్నాడు మళ్ళీ టీ పంచుకునేవారు. ఒక పక్షానికి షిండే అరవై ఏళ్ళ కల తీర్చిన చేయి. మరొక పక్షానికి తలుపులు మూసి ఇల్లు చీల్చిన చేయి. ఏ రాష్ట్రానికి గవర్నరుగా ప్రమాణం చేశారో ఆ రాష్ట్రాన్నే రెండు చేసే బిల్లును తెచ్చిన హోంమంత్రి ఆయన. ఇది ఆయన కోరి తెచ్చుకున్న పాత్ర కాదు. ఎప్పటిలాగే పైనుంచి వచ్చిన ఉత్తర్వు. ఎప్పటిలాగే ఆయన పని పూర్తి చేశారు. విభజన మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న. పని జరిగిన తీరు మాత్రం ఒప్పించి సాధించినట్టు కాక, ఉత్తర్వు అమలు జరిపినట్టు సాగిందన్న మాట రెండు పక్షాలలోనూ వినపడేది.

లాల్ చౌక్‌లో భయం

2014 ఎన్నికలలో కాంగ్రెసు పార్టీతో పాటు షిండే కూడా సొంత ఊరు షోలాపూరులోనే ఓడిపోయారు. 2019లో మళ్ళీ నిలబడి మళ్ళీ ఓడారు. 2024లో అదే స్థానాన్ని కుమార్తె ప్రణీతి గెలిచారు. ఆ ఏడే ఆయన తన యాభై ఏళ్ళ రాజకీయ జీవితాన్ని పుస్తకంగా వెలువరించారు.

ఆ పుస్తకావిష్కరణ సభ 2024 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగింది. అక్కడ ఆయన చెప్పిన ఒక ముచ్చటతో ఈ వ్యాసం ముగిస్తాను. హోంమంత్రిగా ఉన్నప్పుడు కాశ్మీరు వెళ్తే, లాల్ చౌక్‌కు వెళ్ళి జనాన్ని కలవమని, దాల్ సరస్సు దగ్గర తిరగమని ఒకరు సలహా ఇచ్చారట. ఆయన అలాగే వెళ్ళారు. నిర్భయంగా తిరిగే హోంమంత్రి అని జనం మెచ్చుకున్నారట. లోపల మాత్రం తనకు భయం వేసిందని, ఆ సంగతి ఎవరికి చెప్పుకోనని ఆయన అనేసరికి సభ గొల్లుమంది. వెంటనే సర్దుకుని, ఇది నవ్వించడానికి చెప్పాను గాని, మాజీ పోలీసు ఇలా మాట్లాడకూడదు అన్నారు.

ప్రత్యర్థులు ఆ మాట పట్టుకుని నాలుగు రోజులు రాజకీయం చేశారు. నాకు మాత్రం ఎనభై మూడేళ్ళ ఆ పెద్దమనిషి నిజస్వరూపం ఆ చివరి వాక్యంలోనే కనిపించింది. ఖాకీ విడిచి అర్ధ శతాబ్దం దాటింది. మంత్రి, ముఖ్యమంత్రి, గవర్నరు, హోంమంత్రి, అన్నీ అయ్యారు. అయినా నోట భయం అన్న మాట వచ్చేసరికి, లోపలి సబ్‌ఇన్‌స్పెక్టరు లేచి నిలబడి తప్పు దిద్దాడు.

షోలాపూరు కోర్టు వసారాలో నిలబడ్డ పదహారేళ్ళ కుర్రవాణ్ణి అంత దూరం నడిపించింది ఆ కవాతే. గెలిచి ఇచ్చిన కుర్చీలోంచి మారుమాట లేకుండా దింపిందీ ఆ కవాతే. మన పిల్లలకు పెద్దల మాట వినమని చెప్తాం, మంచిదే. ఎప్పుడో ఒకప్పుడు, ఇది నా వల్ల కాదు అని చెప్పవలసిన గడియ కూడా వస్తుందని పక్కనే చెప్పాలేమో. ఒకే రకం టోపీ పెట్టుకున్న ఆ ఇద్దరు సబ్‌ఇన్‌స్పెక్టర్లను తలచుకున్నప్పుడల్లా నాకు ఆ మాటే మనసులో మెదులుతుంది.